భాగ్యక్క ఊడదీసిన ఏడు వేల పేర్లు

కిరసనాయిలు వాసన ఇప్పుడు ఇళ్లలో రాదు. మా అమ్మ వంటింట్లో పంపు స్టవ్వు ఉన్న రోజులు నాకే సరిగ్గా గుర్తులేవు. మొన్న దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో దిగి కోచింగ్ సెంటర్ల బోర్డుల కింద నడుస్తుంటే, ఒక కాంప్లెక్స్ సెల్లార్ మెట్ల దగ్గర ఆ వాసన గుప్పున తగిలింది. కాళ్లు అక్కడే ఆగిపోయాయి. మగ్గం పని చేసేవాళ్లు పూలూ చిలకలూ కాగితం మీద గీసి, గీత వెంట సూదితో సన్నగా చిల్లులు పొడుస్తారు. ఆ కాగితాన్ని బట్ట మీద పరిచి, తెల్లపొడి కలిపిన కిరసనాయిల్లో గుడ్డ ముంచి రుద్దితే బొమ్మ చుక్కలు చుక్కలుగా కిందికి దిగుతుంది. ఆ వాసనలో నేను మూడేళ్లు పనిచేశాను. చేతిలో ఫోన్ అప్పటికే నాలుగోసారి మోగుతోంది. కొత్తపేటలో చీరల దుకాణం నడిపే ఒకాయన. ఎవరి మాటో విని తన దుకాణం పేజీ నుంచి ఊరందరినీ ఫాలో అయిపోయి, ఇప్పుడు ఆ నాలుగు వేల మందినీ సాయంత్రానికల్లా తీసేయమంటున్నాడు. "ఏదో టూల్ ఉంటదంట గద మేడం, ఒక్క దెబ్బకు పోతరంట. మీరు చెయ్యకుంటే వేరేవాళ్లకు ఇస్త," అని వాయిస్ మెసేజ్ కూడా పెట్టాడు. ఎల్బీనగర్‌లో నాకు రెండు గదుల ఆఫీసు ఉంది. ఇలాంటి దుకాణాల పేజీలు చూసిపెట్టడమే నా బతుకుతెరువు. ఆయనకు ఏం జవాబు ఇవ్వాలో నాకు తెలుసు. ఆ జవాబు నాకు నేర్పిన మనిషి గురించే ఈ నాలుగు మాటలు.

ఆమె పేరు భాగ్యమ్మ. మేమంతా భాగ్యక్క అనేవాళ్లం. బతికే ఉంది, నిక్షేపంగా ఉంది. మనిషి పోయాకే మంచి మాటలు రాయాలని ఎవరు పెట్టారో ఆ నియమం, నేను ఒప్పుకోను. నల్గొండ పక్క పల్లె నుంచి పెళ్లయిన కొత్తలో పట్నం వచ్చి, భర్త పోయాక ఎల్బీనగర్‌లో ఒక పెద్ద బొటిక్‌లో మగ్గం పనికి కుదిరింది. తొమ్మిదేళ్లు అక్కడే చేసింది. ఆ షాపుకు పేరు తెచ్చిన చిలకల జాకెట్లు ఆమె చేతిపనే. ఆమె పేరు మాత్రం ఎక్కడా ఉండేది కాదు. ఒకరోజు సూది పక్కన పెట్టి లేచి వచ్చేసి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక సెల్లార్‌లో రెండు మగ్గాలు వేసుకుని, ఇద్దరు ఆడవాళ్లను పనికి పెట్టుకుంది. తన పేరుతోనే ఫోన్‌లో ఒక పేజీ తెరిచింది. పూర్తయిన ప్రతి జాకెట్టునూ తలుపు దగ్గర వెలుతురులో పరిచి ఫోటో తీసి పెట్టేది. కింద రాతలేమీ ఉండేవి కావు. నేను చేరేనాటికి ఆ పేజీలో ఆరేళ్ల పని ఉంది.

మాది గుంటూరు వైపు. సైదాబాద్‌లో అద్దెకుండేవాళ్లం. ఇంజనీరింగ్ అయ్యి, ఉద్యోగం రాక, ఇంట్లో చూపులు భరించలేక, మూడు నెలల డిజిటల్ మార్కెటింగ్ కోర్సు చేశాను. ఆ సర్టిఫికెట్ పట్టుకుని భాగ్యక్క దగ్గరికి వెళితే ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నా చేతిలోనే పెట్టేసింది. "ఇంగ్లీషు నాకు రాదు బిడ్డా. పేజీ నువ్వు చూస్కో. అడిగినోళ్లకు జవాబియ్యి. గంతే," అంది. "అలాగే అక్కా, మీరేం కంగారు పడకండి," అన్నాను. "మీరేంది, మీరు? అక్కా అని మీరంటరా ఎవలన్న?" అని నవ్వింది. నాకు జవాబులివ్వడం సరిపోలేదు. కోర్సులో నేర్పిన కిటుకు ఒకటి వాడి చూడాలని చేతులు దురదపెడుతున్నాయి. మన ఊళ్లో ఏ బొటిక్ పేజీ చూసినా దాని వెంట వేలమంది ఉంటారు కదా, వాళ్లందరినీ మనం ఫాలో అయితే సగం మంది మర్యాదకైనా తిరిగి ఫాలో అవుతారు. వచ్చాక మెల్లగా మనం తప్పుకోవచ్చు. నెలన్నర పాటు, మధ్యాహ్నాలు కూర్చుని, కనిపించిన పేరునల్లా నొక్కుకుంటూ పోయాను. ఏడు వేలు దాటాక యాప్ ఇక చాలంది. మా పేజీ వెంట కొత్తగా వచ్చింది పదకొండు వందల మంది. నాకు నేనే శభాష్ అనుకున్నాను. భాగ్యక్కకు ఒక్క ముక్క చెప్పలేదు.

శ్రావణమాసం వచ్చింది. రెండు మగ్గాల మీదా ఊపిరాడని పని. అల్మాస్‌గూడ నుంచి ఒకావిడ, కార్తీకంలో కూతురి పెళ్లి, ముందే జాకెట్టు బట్ట ఇచ్చి వెళ్లింది. ఎర్రటి పట్టు, రెండు చేతులకూ చిలకల జంటలు. ఒక చెయ్యి పూర్తయ్యింది, రెండోది చుక్కలు దించి ఉంది. ఒక పొద్దున ఆవిడ విసవిసా మెట్లు దిగి వచ్చింది. "బట్ట ఇచ్చేయి భాగ్యమ్మా. అసలు డిజైన్ ఎల్బీనగర్ మేడమ్‌దంట గద. నువ్వు నకలు కొడుతున్నవంట. ఆమెనే ఫోన్ల చూపెట్టింది, నువ్వు ఆమె పేజీని ఫాలో అయితున్నవని." భాగ్యక్క నా వైపు చూసింది. నేను నొక్కిన ఏడు వేల పేర్లలో భాగ్యక్క తొమ్మిదేళ్లు పనిచేసిన ఆ మేడమ్ షాపు కూడా ఉంది. అసలు మొదలుపెట్టిందే దాంతో. భాగ్యక్క మగ్గం నుంచి బట్ట విప్పి, మడత పెట్టి, వచ్చిన కవర్లోనే పెట్టి ఆవిడ చేతికిచ్చింది. "పిల్ల పెళ్లి మంచిగ గావాలె," అంది. ఆవిడ వెళ్లిపోయాక కవరు చప్పుడు మెట్ల మీద చాలాసేపు వినిపించినట్టే అనిపించింది నాకు.

"ఫాలో అంటే ఏంది?" అని అడిగింది తర్వాత.

"అంటే అక్కా, వాళ్లేం పెడితే అవన్నీ మనకు కనబడతాయి. వాళ్ల వెనకాల మనం ఉన్నట్టు."

"ఎందర్ని?"

"ఏడు వేల మందిని. పైనే ఉంటారు."

ఆమె చేతిలో సూది ఆగింది. "ఏడు వేల మంది ఎనుక నన్ను తిప్పినవా, నాకు చెప్పకుంట?" గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. పక్కన ఇద్దరూ తలలు దించుకుని పనిలో మునిగిపోయారు. "ఆ ఒక్క మేడమ్ పేజీ ఇప్పుడే తీసేస్తానక్కా," అన్నాను. "ఒక్కదాన్ని తీస్తే దొరికిపోయి తీసినట్టు ఉంటది. నేనెన్నడన్న ఎవ్వరెనుకన్న పోయిన్నా? అందర్ని తియ్యి. ఒక్కరు మిగలొద్దు. ఆమెను మాత్రం ఆఖరికి ఉంచు," అంది. ఆఖరికి ఎందుకో అప్పుడు నాకు అర్థం కాలేదు. "నేను మానేస్తానక్కా," అన్నాను, ఏడుపు ఆపుకుంటూ. "మానెయ్యి. ఊడదీసినంక మానెయ్యి," అంది.

తప్పు చేసినవాళ్లకు దిద్దుకోవడంలో ఉండే తొందర ఇంకెవరికీ ఉండదు. ఆ తొందరలోనే నేను రెండో తప్పు చేశాను. ఎవరో వీడియోలో చెప్పిన టూల్ దింపుకుని, పేజీ పాస్‌వర్డ్ దాని చేతిలో పెట్టి, గంటలో అందరినీ తీసేయమన్నాను. నాలుగు నిమిషాలు జోరుగా తీసింది. ఐదో నిమిషంలో తెర మీద నోటీసు పడింది. మీరు చాలా వేగంగా చేస్తున్నారు, ఈ పని నిలిపివేశాం, మళ్లీ ఇలా చేస్తే ఖాతా మూసేయవచ్చు అని. ఆ తర్వాత వారం రోజులు ఎవరినీ తీయనివ్వలేదు, కామెంట్లకు జవాబు కూడా పెట్టనివ్వలేదు. శ్రావణమాసంలో! ఖాతా మూసేస్తే ఆరేళ్ల ఫోటోలు పోతాయి. ఫలానా చిలక ఫలానా నెలలో భాగ్యక్క మగ్గం మీద పుట్టిందని చెప్పే సాక్ష్యం ఆ ఫోటోల కింద ఉన్న తేదీలు తప్ప ఇంకోటి లేదు. కాంప్లెక్స్‌లో అందరూ ఒకటే మాట. ఇది వదిలేసి కొత్త పేజీ తెరుచుకోండి, రెండు నిమిషాల పని అని. నేనూ అదే అన్నాను. భాగ్యక్కకు కోపం వచ్చింది ఆ మాటకే. "నా పేరు ఇడిసిపెట్టి నేనెందుకు పోవాలె? ఒకపారి పోయిన. తొమ్మిదేండ్ల పని ఆ షాపులనే ఇడిసి చేతులూపుకుంట ఒచ్చిన. ఇంకోపారి పోను."

ఆమె దగ్గర ఒక చిన్న బ్లేడు ముక్క ఉండేది, ఒక అంచుకు గుడ్డ చుట్టి. తప్పు పడిన మగ్గం పనిని దాంతోనే ఊడదీసేది. నోటీసు పడిన మర్నాడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక పాత పట్టుముక్క ఇచ్చింది, దాని మీద వంకర పోయిన ఒక పువ్వు. "ఇది తియ్యి," అంది. నేను దారం కొస దొరకబుచ్చుకుని లాగాను. మగ్గం కుట్టు గొలుసులా ఉంటుంది, సర్రున పది కుట్లు వచ్చాయి, పదకొండోది బిగుసుకుని పట్టు చిరిగింది. "చూసినవా? లాగితే బట్ట పోతది. ఒక్కో కుట్టు తెంపాలె, దారం ఏరాలె, ఏలితోని బట్టను సవరించాలె. అది ఆగమన్నకాడ ఆగాలె. ఆగుడంటే ఓడుడు గాదు," అంది. తర్వాత ఫోన్ వైపు గడ్డం ఎగరేసి, "గా నోటీసుల ఇక తియ్యొద్దు అని రాసిందా?" అని అడిగింది. లేదు, తర్వాత ప్రయత్నించమని రాసింది అన్నాను. "మరింకేంది? ఒద్దు అనలే గద. జర ఆగు అన్నది. ఆగుదాం."

వారం గడిచాక మొదలుపెట్టాం. టూల్ తీసేశాను, పాస్‌వర్డ్ మార్చాను. అన్నాలు తిన్నాక, మగ్గాలకు విశ్రాంతి ఇచ్చే వేళలో, నేను పేరు చదవాలి, ఆమె తన వేలితో తీయాలి. నన్ను ముట్టనివ్వలేదు. "నా పేరు మీద పోయినయి, నా ఏలు మీదనే రావాలె," అనేది. ముప్ఫై నలభై తీశాక యాప్ ఆగమనేది. ఒకరోజు ఇరవైకే ఆగమంది. ఇంకోరోజు ఎనభై దాకా పోనిచ్చింది. దాని లెక్క ఏమిటో ఎవరికీ తెలియదు, అది చెప్పదు. మొదట్లో నాకు ఒళ్లు మండిపోయేది. ఆమె మాత్రం ఫోన్ బోర్లా పెట్టి సూది అందుకునేది. గంట తర్వాత మళ్లీ తెరిచేది. పోనిస్తే సరే, పోనివ్వకపోతే మళ్లీ బోర్లా. గొడ్డు మొండికేస్తే రైతు పక్కనే కూర్చుని బీడీ కాల్చుకున్నట్టు ఉండేది ఆమె వరస.

పేర్లు చదువుతుంటే నాకు సిగ్గేసేది. ఎవరినని ఫాలో అయ్యాను నేను? విశాఖలో ఒక జిమ్, వరంగల్‌లో ఒక జ్యోతిష్కుడు, ఎవరి పెంపుడు కుక్క పేరుతోనో ఒక పేజీ. "చికెన్ సెంటర్, వనస్థలిపురం," అని చదివాను ఒకరోజు. "నేను మాంసం తినక పన్నెండేండ్లాయె. గీ చికెన్ సెంటర్ ఎనుక ఏం చేస్తున్న నేను?" అంది, పనివాళ్లిద్దరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను, చాలా రోజుల తర్వాత. నవ్వు అయిపోయాక ఆమె మామూలుగానే అంది, కానీ ఆ మాట నాకు చురుక్కున తగిలింది. "మా తాన పెండ్లికి పిలవాలంటే ఇంటింటికి పోయి బొట్టు పెట్టి చెప్తం. మొఖం చూస్తం, మంచి చెడు అడుగుతం. పిలుపంటే గది. నువ్వు మొఖం చూడకుంటనే ఏడు వేల మందికి బొట్టు పెట్టొచ్చినవ్ పిల్లా. అందుకే ఒక్కలు రాలే." పదకొండు వందల మంది వచ్చారు కదా అని నోటిదాకా వచ్చింది. వాళ్లలో జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లు ఎవరా అని వెతికితే ఒక్కరూ తేలలేదు.

వినాయకచవితి వెళ్లింది, బతుకమ్మ వెళ్లింది, దీపావళి వెళ్లింది. మానేస్తానన్న సంగతి నేనూ ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు. కార్తీకంలో భాగ్యక్క సెల్లార్ నుంచి పైకి, మెయిన్ రోడ్డు మీది షాపులోకి మారుతోంది. బొట్టు పెట్టి పిలవడానికి కుంకుమ భరిణ పట్టుకుని బయల్దేరిన రోజు, లిస్టులో ఇంకో యాభై పేర్లు, ఆఖరున ఎల్బీనగర్ మేడమ్. "పా, మేడమ్ దగ్గరికి కూడ పోదాం," అంది. అప్పుడు తెలిసింది నాకు ఆఖరికి ఎందుకు ఉంచిందో. మేడమ్ ఎదురుగానే తీస్తుందన్నమాట. నాలో మళ్లీ అదే పాత తొందర. ఆటోలో కూర్చుని, ఆమెను తొందరపెట్టి, మిగిలిన పేర్లన్నీ గబగబా చదివి తీయించేశాను. కొత్తపేట దాటేసరికి ఒకే ఒక్క పేరు మిగిలింది.

మేడమ్ షాపు చల్లగా, అద్దాలతో, అత్తరు వాసనతో ఉంది. భాగ్యక్కను చూసి ఆమె కుర్చీలోంచి సగం లేచింది. "ఏంటి భాగ్యా, ఇలా వచ్చావు?" భాగ్యక్క భరిణ తీసి ఆమె నుదుట బొట్టు పెట్టింది. "పైకి షాపు మారుస్తున్న మేడమ్. ఆదివారం పొద్దుగాల రావాలె. తొమ్మిదేండ్లు మీ నీడల పని చేసిన, అది కాదనను. ఇంకో ముచ్చట. మీ ఎనుక నేనున్ననని ఫోన్ల అందరికి చూపెట్టిన్రంట. అది గీ పిల్ల తెల్వక చేసింది. మీకు తెల్వకుంట తీసుడు మర్యాద గాదని మీ ముంగట్నే తీద్దామని ఒచ్చిన." ఫోన్ మేడమ్‌కు కనబడేలా పట్టుకుని, వేలితో నొక్కింది. నొక్కగానే నోటీసు పడింది. తర్వాత ప్రయత్నించండి.

నాకు భూమి చీలితే బాగుండుననిపించింది. ఆటోలో నేను పెట్టిన తొందరకు శిక్ష ఇక్కడ పడింది. మేడమ్ పెదాల మీద చిన్న నవ్వు మొదలైంది. భాగ్యక్క నోటీసును ఒకసారి చూసి, ఫోన్ బోర్లా తిప్పి, సోఫాలో వెనక్కి వాలి కూర్చుంది. "ఆగమంటుంది. ఆగుతం. గంట కూసుంటం," అంది.

కూర్చున్నాం. వచ్చే కస్టమర్లు వస్తున్నారు, పోతున్నారు. మేడమ్ పొమ్మనలేదు, నుదుటి మీద బొట్టు ఇంకా తడిగానే ఉంది, బొట్టు పెట్టినదాన్ని పొమ్మని ఎలా అంటుంది? టీ తెప్పించింది. టీ తాగుతూ భాగ్యక్క లోపలి గది వైపు చూసింది. అక్కడ మగ్గానికి బిగించి ఉంది ఎర్రటి పట్టు. అల్మాస్‌గూడ ఆవిడ పట్టుకుపోయినదే. ఒక చేతికి భాగ్యక్క చిలకలు మెడలు తిప్పి చూస్తున్నాయి. రెండో చేతి మీద పనిచేస్తున్న అమ్మాయి కుట్టడం, తెంపడం, కుట్టడం. ఆ చిలకల మెడ దగ్గర కుట్టు తిరిగే తీరు ఆమెకు చిక్కలేదు. ఎంత తెంపిందో, పట్టు అక్కడక్కడ పలచబడింది. పెళ్లికి ఎనిమిది రోజులే ఉంది. భాగ్యక్క గ్లాసు కింద పెట్టి, లేచి, ఎవరినీ అడగకుండా మగ్గం ముందు కూర్చుంది. "భాగ్యా, అవసరం లేదు," అంది మేడమ్. "మీ కోసం గాదు మేడమ్. పెండ్లిపిల్లది. దానిదేం తప్పు?" అని సూది అందుకుంది. ఆ అమ్మాయి పక్కకు జరిగి చూస్తూ నిలబడింది. సూది ఎక్కడ తిరగాలో, దారం ఎక్కడ వదులు చేయాలో ఆమెకు చెప్పుకుంటూ, ఒక చిలకను మెడ నుంచి తోక దాకా పూర్తి చేసింది. అది పక్కచేతి మీది చిలకకు కవల. ఎవరి డిజైన్ అని ఆ షాపులో ఇంకెవరూ అడగలేదు, అడగాల్సిన పని లేకపోయింది. మేడమ్ గుమ్మం దగ్గర నిలబడి మొత్తం చూసింది. ఆ ముఖంలో నవ్వు ఎప్పుడు పోయిందో నేను గమనించలేదు.

గంట దాటి ఇంకో పావుగంట అయ్యాక భాగ్యక్క చేతులు తుడుచుకుని ఫోన్ అడిగింది. నేను పేరు చదివాను. ఆమె నొక్కింది. పోయింది. మా పేజీ ఫాలో అవుతున్నవాళ్ల లెక్క దగ్గర సున్నా పడింది. తెరను మేడమ్ వైపు తిప్పి చూపించి, "ఆదివారం రండి," అని మళ్లీ చెప్పి మెట్లు దిగింది. ఆదివారం మేడమ్ రాలేదు. ఆ నకలు మాట మాత్రం మళ్లీ ఎవరి నోటా మేము వినలేదు.

నేను ఇంకో రెండేళ్లు ఆమె దగ్గరే ఉండి, తర్వాత సొంతంగా ఆఫీసు పెట్టుకున్నాను. భాగ్యక్క ఇప్పుడు తుర్కయంజాల్‌లో చెల్లెలి ఇంటి పక్కన ఉంటోంది. కళ్లకు సూది ఆనడం లేదు, షాపు ఆ ఇద్దరు ఆడవాళ్లే నడుపుతున్నారు. పేజీ అలాగే ఉంది, అదే పేరు, ఆ సున్నా కూడా అలాగే ఉంది. ఎప్పుడైనా ఎవరైనా నాకు గడువు పెట్టి భయపెడితే, ఆ పేజీ తెరిచి ఆ సున్నాను చూసుకుంటాను. గుండె గట్టిపడుతుంది. మొండితనం అంటే అరవడమని అనుకునేదాన్ని. ఆగమన్న చోట దర్జాగా కూర్చుని, మళ్లీ లేచి, అనుకున్నది చేసి తీరడమని ఆమె దగ్గర చూశాను. నా బతుకులో ఇంతకంటే పెద్ద చదువు నేను చదవలేదు.

సెల్లార్ మెట్ల దగ్గరే నిలబడి కొత్తపేట ఆయనకు ఫోన్ చేశాను. టూల్ పెట్టను, మీరూ పెట్టొద్దు, పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వొద్దు, రోజూ కొందరిని చేత్తోనే తీద్దాం, నెలన్నర పడుతుంది అన్నాను. వేరేవాళ్లకు ఇచ్చేట్టయితే ఇచ్చేయండి అని కూడా అన్నాను. ఆయన కాసేపు నసిగాడు.

"మరి మేడం, అది నడుమల ఆపేస్తే?"

గుంటూరు పిల్లను. ఇంట్లో ఇప్పటికీ మా అమ్మ భాషే నా భాష. అయినా ఆ ప్రశ్నకు జవాబు నా నోట ఒకే యాసలో వస్తుంది.

"ఆపితే ఆగుతం అన్నా. గంట కూసుంటం."